ఎస్.కోట కొండల మీద పినో నువార్ వేయొచ్చా?

శృంగవరపుకోట నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అనంతగిరి అంచున మా మేనమామ వాళ్ళకి కొంత భూమి ఉంది. డిసెంబర్లో పొద్దున్న తొమ్మిదైనా దుప్పటి వదలలేం, అంత చలి. కూల్ క్లైమేట్ వైన్‌కి, అంటే చల్లటి ప్రాంతాల ద్రాక్షతో చేసే వైన్‌కి, మంచి గిరాకీ ఉందంటున్నారు. అసలు ఆ ప్రాంతాల ప్రత్యేకత ఏమిటి? మన కొండల్లో పినో నువార్ లాంటి ఎర్ర వైన్ ద్రాక్ష రకం వేస్తే వస్తుందా? మా ఫ్రెండ్ మాత్రం అదంతా పుల్లటి, పల్చటి వైన్‌కి పెట్టిన గొప్ప పేరు అంటున్నాడు."

తమ్ముడూ, రెండో ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను. రాదు. తీగ బతుకుతుంది, ఆకులేస్తుంది, కాయ కూడా కాయొచ్చు. నువ్వు అనుకుంటున్న వైన్ మాత్రం రాదు. ఎందుకు రాదో చెప్పుకుంటూ వెళ్తే మొదటి ప్రశ్నకి సమాధానం అందులోనే దొరుకుతుంది. మాది బొబ్బిలి. నేను న్యూజిలాండ్ దక్షిణ దీవిలో ద్రాక్ష తోటల్లో పనిచేశాను. మార్ల్‌బరోలో కత్తిరింపు పనితో మొదలుపెట్టి, తర్వాత సెంట్రల్ ఒటాగోలో తోట సూపర్‌వైజర్‌గా చేశాను. వైనరీ లోపల చేసిన పని తక్కువ, కాబట్టి తోట వైపు నుంచే చెప్తాను.

చల్లటి ప్రాంతం అనగానే అందరూ చలికాలం సంగతే అడుగుతారు. నువ్వూ డిసెంబర్ దుప్పటి గురించే చెప్పావు. తీగకి ఆ చలితో పెద్ద పేచీ లేదు. ఆకులన్నీ రాల్చేసి నిద్రపోతుంది. మైనస్ 10 దాకా పడినా ముదురు కొమ్మ తట్టుకుంటుంది. చూడాల్సింది తీగ ఆకులతో ఉన్న నెలల్ని. ఉత్తరార్ధగోళంలో అవి ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా, న్యూజిలాండ్ లాంటి చోట అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా. ఆ ఏడు నెలల సగటు ఉష్ణోగ్రత 13 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటే దాన్ని చల్లటి ప్రాంతం అంటారు. 13 కంటే తగ్గితే చాలా రకాల కాయ పండదు. 19 దాటితే వేడి ప్రాంతం కింద లెక్క.

ఇంకో లెక్క కూడా వాడతారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అమెరిన్, వింక్లర్ అనే ఇద్దరు 1944లో ప్రచురించినది. పది డిగ్రీల కింద ద్రాక్ష తీగ దాదాపు పెరగదు కాబట్టి, ప్రతి రోజు సగటులోంచి పది తీసేసి మిగిలింది ఆ ఏడు నెలలూ కూడుతూ పోతారు. మొత్తం సుమారు 1,390 లోపు వస్తే మొదటి తరగతి. ఫ్రాన్స్‌లోని షాంపేన్, షాబ్లీ, జర్మనీలోని మోజెల్, సెంట్రల్ ఒటాగో, ఆస్ట్రేలియాలోని టాస్మేనియా అన్నీ ఇందులోకే వస్తాయి. 2,222 దాటితే అయిదో తరగతి, అన్నిటికంటే వేడిది. ఇప్పుడు మన కింది ఊళ్ళది వేసి చూడు. ఆ ఏడు నెలల సగటు 28 అనుకుందాం. పది తీస్తే 18. 214 రోజులకి 3,852. అయిదో తరగతి కూడా ఎక్కడో కింద ఉండిపోయింది.

కొండెక్కితే తగ్గదా అంటావు. తగ్గుతుంది. వంద మీటర్లకి సుమారు 0.6 డిగ్రీలు. అరకు ఎత్తు తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు, అంటే ఆరు డిగ్రీలు తగ్గుతుంది అనుకో. సగటు 22, పది తీస్తే 12, మొత్తం 2,568. ఇంకా అయిదో తరగతిలోనే ఉన్నావు. పలాస, మందస వైపు వాళ్ళు తలెత్తి చూసే మహేంద్రగిరి శిఖరం 1,501 మీటర్లు. ఒడిశాలో ఉంది కాబట్టి అక్కడికి వెళ్ళి ఎవరూ తోట వేయరనుకో. అయినా అక్కడిదీ లెక్కేస్తే 1,900 దాటుతుంది. అంకెలో మధ్య తరగతికి దిగింది. కానీ ఆ ఏడు నెలల్లో నాలుగు నెలలు వాన. అంకె ఒక్కటే చూసి తోట వేస్తే నష్టపోయేది అందుకే.

ఇక అసలు విషయం. మొగ్గ పగలడం, పూత, పిందె, కాయ రంగు తిరగడం, కోత. ఏ దేశంలోనైనా వరుస ఇదే. తేడా అంతా రంగు తిరిగిన దగ్గర నుంచి కోత దాకా ఉండే నెలన్నర, రెండు నెలల్లో ఉంది. సెంట్రల్ ఒటాగోలో కాయ మెత్తబడేసరికి ఫిబ్రవరి వస్తుంది, అప్పటికి ఎండాకాలం చివరికొస్తూ ఉంటుంది. మార్చిలో రాత్రిళ్ళు స్వెట్టర్ లేకుండా తోటలోకి వెళ్ళలేం. ఏప్రిల్లో చివరి కోతల నాటికి ఆకు పసుపు తిరిగి ఉంటుంది. కాయ పండే కొద్దీ వాతావరణం చల్లబడుతూ వస్తుంది.

కాయలో ఒకేసారి నాలుగు పనులు జరుగుతుంటాయి, నాలుగిటికీ వేగాలు వేరు. తీపి పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది, తొక్కలో రంగూ వాసనా చేరతాయి, గింజ ఆకుపచ్చ వదిలి గోధుమ రంగుకి వచ్చి వగరు తగ్గుతుంది. ఎండ ఎక్కువైతే తీపి ఒక్కసారిగా వచ్చేస్తుంది. వాసనా గింజా అలా తొందరపడవు, వాటికి రోజులు కావాలి. అందుకని వేడి చోట రైతుకి ఒక ఇరకాటం ఉంటుంది. తీపి చూసి కోస్తే గింజ పచ్చిగా ఉంటుంది. గింజ కోసం ఆగితే తీపి మితిమీరి, పులుపు చచ్చిపోతుంది. చల్లటి చోట, మంచి సంవత్సరంలో, ఈ నాలుగూ ఒకే వారం పది రోజుల్లో కలుస్తాయి. నన్నడిగితే ఆ ప్రాంతాల ప్రత్యేకతలో ముప్పాతిక వంతు ఇదే. మిగతాదంతా దీని చుట్టూ అల్లుకున్నదే.

పులుపు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ద్రాక్షలో ముఖ్యంగా రెండు ఆమ్లాలు ఉంటాయి. ఒకటి టార్టారిక్, అది వేడికి పెద్దగా కదలదు. రెండోది మాలిక్, ఆపిల్‌లో ఉండేదే. కాయ ఊపిరి పీల్చుకునేటప్పుడు ఈ రెండోదాన్ని కరిగించుకుంటుంది, వేడి ఎక్కువైతే ఇంకా ఎక్కువ కరిగించుకుంటుంది. రాత్రి కూడా 24, 25 డిగ్రీలు ఉండే చోట కాయకి విశ్రాంతి లేదు. ఒటాగోలో పగలు 25 దాటినా రాత్రి పదికి పడిపోవడం మామూలు. ఆ రాత్రులే పులుపుని కాపాడతాయి. వైన్ తాగినప్పుడు నోట్లో నీళ్ళూరి ఇంకో గుక్క తాగాలనిపించేది దానివల్లే. వేడి దేశాల వైనరీల్లో టార్టారిక్ ఆమ్లం సంచులు కనిపిస్తాయి, కలుపుకోవాల్సిందే. చల్లటి దేశాల్లో దీనికి తలకిందులు. తీపి చాలకపోతే రసంలో చక్కెర కలపడానికి జర్మనీ, ఉత్తర ఫ్రాన్స్‌లలో కొన్ని తరగతుల వైన్లకి చట్టమే పరిమితులతో ఒప్పుకుంటుంది. ఆ పద్ధతిని ప్రచారం చేసిన షాప్టల్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త పేరే దానికి ఉంది.

చక్కెరే ఆల్కహాల్ అవుతుంది కదా. రసంలో తీపిని బ్రిక్స్‌లో కొలుస్తారు. రసం 20 బ్రిక్స్ దగ్గర ఉన్నప్పుడు కోస్తే దాదాపు 11 శాతం వస్తుంది, 25 దగ్గర కోస్తే 14 దాటుతుంది. చల్లటి ప్రాంతపు వైన్ సీసా మీద 11, 12, 12.5 కనిపించడానికి కారణం అది.

పులియబెట్టడంలో కూడా చలికి పాత్ర ఉంది. మన తాటికల్లు చూడు. తెల్లవారుజామున దించినది తియ్యగా ఉంటుంది, ఎండెక్కేసరికి పుల్లబడి ఘాటెక్కుతుంది. ఈస్ట్‌కి వేడి తగిలితే ఆగదు. తెల్ల వైన్‌ని 12 నుంచి 16 డిగ్రీల దగ్గర నెమ్మదిగా పులియనిస్తే సున్నితమైన వాసనలు ఎగిరిపోకుండా నిలుస్తాయి. ఇప్పుడు ఎక్కడైనా కూలింగ్ ట్యాంకులతో ఇది చేసుకోవచ్చు కాబట్టి దీన్ని ప్రాంతం గొప్ప అనలేం. పూర్వం షాంపేన్‌లో మాత్రం వాతావరణమే ఆ పని చేసింది. శీతాకాలం చలికి ఈస్ట్ సగంలో ఆగిపోయేది, వసంతంలో మళ్ళీ లేచి సీసాలో బుడగలు పుట్టించేది. మొదట్లో అది వాళ్ళకి తలనొప్పి, తర్వాత అదే వ్యాపారమైంది. అయినా పులుపు బాగా ఉన్న కాయ లేకపోతే ఆ రకం వైన్ చప్పగా ఉంటుంది. ఇప్పటికీ మంచి బుడగల వైన్ ఎక్కువగా చల్లటి నేలల నుంచే రావడానికి కారణం ఆ పులుపే.

వెలుతురు విషయం చాలామంది మర్చిపోతారు. మన శ్రీకాకుళం, విజయనగరంలో ఏడాదిలో అతి పొడవైన పగలు 13 గంటలకి కాస్త పైన. మోజెల్ లోయ ఉన్న 50 డిగ్రీల అక్షాంశం దగ్గర అది 16 గంటలు దాటుతుంది. ఎండ తీక్షణంగా ఉండదు, కానీ ఆకు ఎక్కువసేపు పని చేస్తుంది. మన కొండ మీద ఎంత చల్లగా ఉన్నా ఆ పగలు రాదు. ఎత్తు పెంచుకుంటే చలి దొరుకుతుందేమో గానీ అక్షాంశం మారదు కదా.

మోజెల్ గురించి చెప్పకుండా ఉండలేను. నేను చూడాలని ఆశపడి వెళ్ళిన చోటు అదొక్కటే. నది మెలికలు తిరుగుతూ పోతుంటుంది, రెండు వైపులా నల్లటి పలక రాళ్ళ వాలు. బ్రెమ్ ఊరి దగ్గర కాల్‌మోంట్ అనే కొండ 65 డిగ్రీల దాకా నిటారుగా ఉంటుంది. అక్కడ ట్రాక్టర్ ఎక్కదు, మనిషే ఎక్కాలి. గుత్తుల డబ్బాలు కిందికి దించడానికి చిన్న పట్టాల బండి వేసుకున్నారు. ఇంత కష్టం ఎందుకంటే, అంత ఉత్తరాన సూర్యుడు నడినెత్తికి రాడు, పక్కగానే ఉంటాడు. దక్షిణానికి తిరిగిన నిటారు వాలు మీద ఆ పక్కవాటు ఎండ సూటిగా పడుతుంది. నల్లరాయి పగలు వేడెక్కి రాత్రి ఆ వేడిని గుత్తికి తిరిగి ఇస్తుంది. నది నీళ్ళ మీద తళుక్కుమన్న వెలుతురు కూడా వాలు మీదికే వస్తుంది. అదే ఊళ్ళో ఉత్తరం వైపు తిరిగిన కొండ మీద అడవి ఉంటుంది, తోట ఉండదు. రీస్లింగ్ అనే తెల్ల వైన్ ద్రాక్ష రకం అక్కడ అక్టోబర్ దాకా, కొన్నిసార్లు నవంబర్ దాకా తీగ మీదే ఉంటుంది. కొన్నిటిలో కాస్త తీపి మిగిల్చి ఎనిమిది శాతం ఆల్కహాల్ దగ్గర ఆపేస్తారు. ఆ పులుపు లేకపోతే అది పానకంలా ఉండేది.

వేడి ప్రాంతంలో కొండకి ఇటు వేసినా అటు వేసినా కాయ పండుతుంది. చల్లటి ప్రాంతంలో వాలు ఎటు తిరిగింది, గాలి ఎక్కడ ఆగింది, రాయి ఏ రంగుది, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పంట అంచు మీద ఉంటుంది కాబట్టి ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా తేడా కనిపిస్తుంది. ఒకే ఊళ్ళో పక్కపక్క తోటల వైన్లకి వేరువేరు పేర్లు, ధరలు ఉండటంలో మార్కెటింగ్ కొంత ఉంది. అంతా మార్కెటింగ్ అనుకోకు.

అంచు మీద ఉండటానికి వెల కూడా ఉంది. అక్టోబర్ అంటే మనకి తుఫాను టెన్షన్. ఒటాగోలో అదే నెల గడ్డమంచు టెన్షన్. లేత చిగురు మైనస్ ఒకటి, రెండు డిగ్రీలకే మాడిపోతుంది. రాత్రి ఒంటిగంటకి ఫోన్లో అలారం మోగుతుంది, తోటలో ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరపడుతోందని. పెద్ద ఫ్యాన్లు స్టార్ట్ చేయాలి. నేలకి ఆనుకుని చల్లగాలి, పైన కొంచెం వెచ్చగాలి పొరలుగా ఉంటాయి. ఆ వెచ్చగాలిని కిందికి తొయ్యడమే ఫ్యాన్ పని. డబ్బున్న తోటల వాళ్ళు హెలికాప్టర్లు పిలిపిస్తారు, తెల్లారేదాకా అవి తోట మీదే తిరుగుతాయి. షాబ్లీలో కొందరు మొక్కల మీద నీళ్ళు చల్లుతారు. వినడానికి పిచ్చి పనిలా ఉంటుంది. నీరు గడ్డకట్టేటప్పుడు వేడి విడుస్తుంది, ఆ వేడి చిగురుని సున్నా దగ్గరే కాపాడుతుంది. మధ్యలో నీళ్ళు ఆపితే మాత్రం చిగురు పోయినట్టే. ఇంకొందరు వరుసల మధ్య మైనపు డబ్బాలు వెలిగిస్తారు. ఇవన్నీ చేసినా 2021 ఏప్రిల్ మొదట్లో వచ్చిన మంచుకి ఫ్రాన్స్‌లో చాలా ప్రాంతాల తోటలు దెబ్బతిన్నాయి. అందుకే అక్కడి సీసా మీద సంవత్సరం చూసి కొంటారు. ఏడాదికీ ఏడాదికీ అంత తేడా ఉంటుంది.

రకాల సంగతి క్లుప్తంగా చెప్తాను. పినో నువార్, రీస్లింగ్, షార్డనే, సావిన్యోన్ బ్లాంక్ చల్లటి చోట బాగా వస్తాయి. మార్ల్‌బరోలో పెద్ద ఎత్తున తోటలు మొదలైంది 1973లోనే, ఇప్పుడు సావిన్యోన్ బ్లాంక్ అంటే ముందు ఆ పేరే వినిపిస్తుంది. కాబెర్నే సావిన్యోన్‌కి వేడి కావాలి. అది పూర్తిగా పండకపోతే పచ్చి క్యాప్సికమ్ వాసన కొడుతుంది. షార్డనే ఎక్కడైనా పండుతుంది, కానీ చల్లటి చోట పచ్చి ఆపిల్, నిమ్మ, వేడి చోట అనాసపండు. షిరాజ్ అనే ఎర్ర వైన్ రకం ఇంకా విచిత్రం. చల్లటి తోటల షిరాజ్‌లో మిరియాల ఘాటు వస్తుంది. ఆ వాసనకి కారణం రొటండోన్ అనే పదార్థమని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. మిరియం గింజలో ఉన్నదీ అదే. మీ పైన కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకించిన మిరియాల తీగలో ఉన్నది కూడా అదే.

ఇప్పుడు మీ భూమి దగ్గరికి వద్దాం. మన దేశంలో వైన్ ద్రాక్ష పండించేవాళ్ళు, ముఖ్యంగా నాసిక్ వైపు, తీగని రెండుసార్లు కత్తిరిస్తారు. చలికి నిద్రపోయే తీగ కాదు కాబట్టి కత్తెరతోనే దాని క్యాలెండర్ రాస్తారు. ఏప్రిల్లో ఒకసారి, సెప్టెంబర్, అక్టోబర్లలో రెండోసారి. కోత జనవరి నుంచి మార్చి దాకా. మంచి వైన్లు కూడా చేస్తున్నారు, తీసిపారేయను. కానీ గమనించు, అక్కడ కాయ పండే కొద్దీ ఎండ ముదురుతుంది. నేను పైన చెప్పినదానికి సరిగ్గా ఎదురు. డిసెంబర్ చలి కాయకి అందేది అది ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే.

సరే, అదే క్యాలెండర్ ఎస్.కోట పైన పెడదాం అనుకో. అక్టోబర్లో కత్తిరించి లేత చిగురు వచ్చే వేళకి మనకి తుఫాన్లు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న వచ్చాయి, తేదీలు చూడు. గాలి రాకపోయినా వాన వస్తుంది. ఒటాగోలో ఏడాదికి 400 మి.మీ. కూడా వాన పడని చోట్లు ఉన్నాయి, మన రెండు జిల్లాల్లో వెయ్యి దాటుతుంది, కొండ మీద ఇంకా ఎక్కువ. ఆకు తడిగా ఉండి గాలి వెచ్చగా ఉంటే బూజు తెగులు, పక్షికన్ను తెగులు వదలవు. బోర్డో మిశ్రమం అనే తెగులు మందు పుట్టిందే ద్రాక్ష బూజు కోసం, 1880లలో ఫ్రాన్స్‌లో. దాన్ని ఎన్నిసార్లు కొట్టినా మన వాన కడిగేస్తుంది.

ఇంకో మాట. భూమి ఏజెన్సీలో ఉంటే 1/70 చట్టం వర్తిస్తుంది, గిరిజనేతరుల చేతికి మారకూడదు. మేనమామ వాళ్ళ కాగితాలు ముందు చూసుకోండి. వైన్ తయారీకి ఎక్సైజ్ లైసెన్స్ సరేసరి, ఇంట్లో బిందెలో వేసి చూద్దాం అనుకోకు. భూమి సవ్యంగా ఉంటే కాఫీ, మిరియం వేసుకోండి. అక్కడి చలి వాటికి సరిగ్గా సరిపోయింది, అరకు కాఫీకి పేరు ఊరికే రాలేదు. ద్రాక్ష మీద మోజు తీరకపోతే కింద ఇంటి దగ్గర ఒక పందిరి వేసి నాలుగు తీగలు తినే రకం పెట్టుకో. కత్తిరింపు నేర్చుకోవడానికి అవి చాలు.

వాతావరణం మారుతోంది కదా, ముందు ముందు అనుకూలిస్తుందేమో అనే ఆశ కూడా వద్దు, అది వేడి వైపే మారుతోంది. ఫ్రాన్స్‌లో బోన్ పట్టణపు కోత తేదీలు 1354 నుంచి దొరుకుతున్నాయి. వాటిని 2018 దాకా పేర్చి చూస్తే, 1988 తర్వాత కోత సగటున 13 రోజులు ముందుగానే వచ్చేస్తోంది. దక్షిణ ఇంగ్లండ్ సుద్దనేలల్లో ఇప్పుడు షాంపేన్ తరహా వైన్ చేస్తున్నారు. ఒక పెద్ద షాంపేన్ కంపెనీ అక్కడి కెంట్‌లో తోట వేసింది కూడా. చల్లటి ప్రాంతాల పటమే ఉత్తరానికి జరుగుతోంది.

మీ ఫ్రెండ్ అన్నదాంట్లో కొంత నిజం ఉంది. చెడ్డ సంవత్సరంలో, చేతకాని చేతుల్లో, ఆ వైన్ నిజంగానే పుల్లగా, పల్చగా ఉంటుంది. అలాంటివి నేనూ తాగాను. మంచిది అలా కాదు. రంగు లేతగా ఉన్నా వాసన గ్లాసు నిండా ఉంటుంది, మింగాక కూడా రుచి నిలబడుతుంది. బరువు చూసి వైన్‌ని కొలిచేవాళ్ళకి అది ఎక్కదు, అది వాళ్ళ ఇష్టం. ఎప్పుడైనా మీరిద్దరూ ఒక సీసా తెచ్చుకుంటే చేపల పులుసుతో వద్దు, రెండు పులుపులు కొట్టుకుంటాయి. వేయించిన రొయ్యలతో రీస్లింగ్ చూడండి. ఇంకోటి, ఎర్ర వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలని ఎవరో చెప్పారని బల్ల మీద పెట్టేయకండి. మే నెలలో విజయనగరంలో రూమ్ టెంపరేచర్ అంటే 34. పినో నువార్‌కి 14, 15 డిగ్రీలు కావాలి. ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టి, తాగడానికి కాస్త ముందుగా బయటికి తీస్తే మన ఎండకి సరిపోతుంది.